ఫైనాన్సు చదువునకు ముందు చదువు

ఇంగ్లండు విశ్వవిద్యాలయములలో కొత్త చదువులు సెప్టెంబరు నెలలో గాని ఆరంభము కావు. అయినను జూను, జూలై నెలలు వచ్చునప్పటికే పరదేశపు విద్యార్థులు కొందరు పెట్టెలు మోసికొని దిగుచుందురు. ఆరు వారములో, పది వారములో, పండ్రెండు వారములో సాగెడి యొక ముందు చదువు వారి కొరకు కలదు. దానిని అచ్చట ప్రీసెషనల్ అందురు. ఇంగ్లీషు మాతృభాష కానివారికి, పై చదువునకు కావలసిన ఇంగ్లీషును అందు నేర్పుదురు. నేను తెనాలి ప్రాంతమున పుట్టి, గుంటూరున ఇంగ్లీషు చదివి, వివాహానంతరము ఆ దేశము చేరి, పదునాలుగు వేసవులుగా ఈ ముందు చదువునే చెప్పుచున్నాను. నా తరగతికి వచ్చువారిలో పెక్కుమంది ఫైనాన్సులో ఎమ్మెస్సీ చదువదలచినవారు. చైనా వారు, తాయిలాండు వారు, టర్కీ వారు, సౌదీ వారు ఉందురు. మన తెలుగువారు మాత్రము ఒకరో ఇద్దరో. తెలుగువారు ఆ దేశమునకు రాకపోలేదు, వేలకొలది వచ్చుచున్నారు. కాని నా తరగతి గుమ్మము దాటుకొని తిన్నగా సెప్టెంబరులోనికి పోవుచున్నారు. ఎందుచేత పోవుచున్నారో, అట్లు పోయినందున ఏమగుచున్నదో, పిల్లలను పంపనున్న తల్లిదండ్రులకు తెలుపవలెనని నా కోరిక.

కారణము సులభముగనే తెలియును. పండ్రెండవ తరగతి ఇంగ్లీషులో నూటికి డెబ్బదియో అంతకు హెచ్చుగనో వచ్చినచో భారతీయులకు భాషా పరీక్షయే అక్కరలేదని కొన్ని విశ్వవిద్యాలయములు చెప్పుచున్నవి. తక్కినవారు ఐఎల్‌టీఎస్ పరీక్షకు కూర్చుందురు. 1989లో ఆరంభమైన ఈ పరీక్షలో తొమ్మిది మెట్లు కలవు. ఆరున్నర వచ్చినచో పెక్కు చోట్ల తలుపు తెరచుకొనును. మన యిండ్లలో ఈ ఆరున్నరకు జరుగు వైభవము ఇంతంత కాదు. పెండ్లి పందిళ్లలో సైతము “మావాడికి ఏడు వచ్చినదండీ” యను మాట వినబడుచున్నది. ఏడనునది దేనిలో, ఎందులకు అని అడిగెడివారు లేరు.

ఆ పరీక్షలో వ్రాతకు ఒక గంట ఇత్తురు. ఆ గంటలో నూటయేబది మాటలకు తగ్గకుండ ఒకటి, రెండువందల యేబది మాటలకు తగ్గకుండ ఒకటి వ్రాయవలెను. వెరసి నాలుగు వందల మాటలు. అందు మన సొంత అభిప్రాయము చెప్పిన చాలును. గ్రంథములు చూడనక్కరలేదు, ఎవరి మాటను ఉదాహరింపనక్కరలేదు. ఇక ఎమ్మెస్సీలోనో? ఏడాది చదువు తుదను పదివేల మాటలకు పైబడిన సిద్ధాంత వ్యాసము వ్రాయవలెను. అందు ఆధారము లేని అభిప్రాయమునకు విలువయే లేదు. పరీక్షను నేను నిందించుట లేదు. ఈత వచ్చునా యని చెరువులో దింపి చూచుట తప్పు గాదు. చెరువున ఈదినవాడు వరద గోదావరిని ఈదగలడని ఇంటివారు అనుకొనుటయే తప్పు.

ఫైనాన్సునకు ప్రత్యేకముగ ఒక ఇంగ్లీషు ఉన్నదా యని కొందరు నన్ను పరిహాసముగ అడిగిరి. ఉన్నది. బజారులో డిస్కౌంటనగా తగ్గింపు. ఫైనాన్సు పాఠములో డిస్కౌంటు చేయుటయనగా, పదేండ్లకు రాబోవు రూపాయి నేడెంత పలుకునో లెక్కగట్టుట. సెక్యూరిటీ యనగా భద్రత యని మన పిల్లలు నేర్చినారు. అచ్చట అది అమ్మకపు పత్రము, అందులో భద్రత ఎంతమాత్రమును ఉండకపోవచ్చును. సిగ్నిఫికెంటనగా ముఖ్యమైనదని నిఘంటువు చెప్పును. సంఖ్యాశాస్త్రమున దానికి, కేవలము యాదృచ్ఛికమని త్రోసివేయుటకు వీలులేనిదని యర్థము. అట్టి ఫలితము అణుమాత్రమై, ఎందుకును కొరగానిదై యుండవచ్చును. ఈ భేదము తెలియని విద్యార్థి పట్టికలోని ప్రతి నక్షత్ర చిహ్నమునకు ఎదురుగ “ఇది మిక్కిలి ముఖ్యము” అని వ్రాసి మార్కులు పోగొట్టుకొనును. హెడ్జ్ అనునది అన్నిటికన్న వింతయైన మాట. తోట చుట్టును పెంచిన కంచెకు ఆ పేరు. నష్టమునకు అడ్డుగా మరియొక బేరము కుదుర్చుకొనుటకు ఫైనాన్సులో ఆ పేరు. చెప్పినదానిని మితిమీరకుండ జాగ్రత్తగా చెప్పుటకు పండితుల వ్రాతలో ఆ పేరు. మూడింటను ఉన్నది కంచెయే.

ఇవి భాషోపాధ్యాయులు ఒంటరిగా చెప్పగలిగినవి కావు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున టిమ్ జాన్స్, టోనీ డడ్లీ-ఎవన్స్ అను ఇరువురు, భాష చెప్పువారును విషయము చెప్పువారును ఒకే తరగతిలో కూర్చుండి పరదేశ విద్యార్థులకు పాఠము చెప్పెడి పద్ధతిని అమలుపరచి, దానిని గూర్చి 1980లో వ్రాసిరి. ఈ వృత్తివారికి 1972లో ఏర్పడిన చిన్న సంఘమే 1989లో బాలియప్ అను పేరు దాల్చినది. ఈ చరిత్ర చదువరులకు విసుగు గొల్పునేమో; విడిచెదను.

అసలు కష్టము మాటలలో లేదు. నాలుగేండ్ల క్రిందట పల్నాటి వైపు నుండి ఒక అమ్మాయి మా తరగతికి వచ్చినది. తండ్రి పత్తి వ్యాపారము చేయువాడు. వాణిజ్యశాస్త్రమున ఆమెకు కాలేజీలో మొదటి స్థానము. లెక్క ఇచ్చినచో నేను కాగితము మడచులోపల తేల్చెడిది. మొదటి వ్యాసము నా చేతికి వచ్చినప్పుడు, అందు మూడు వంతులు గ్రంథకర్తల మాటలే, అక్షరము పొల్లుపోకుండ ఉన్నవి. ఎచ్చటను పేరు లేదు. నేను పిలిచి, ఇది ఎవరి మాట యని అడిగితిని. ఆమె బెదరలేదు, దాచలేదు. “అంత పెద్దవారు అంత బాగుగా చెప్పిన మాటను నేను మార్చి పాడుచేయుట తప్పు కాదా అండీ?” అని నన్నే అడిగినది.

చదువరులారా, ఈ ప్రశ్నను తేలికగా తీసికొనకుడు. ఇది దొంగ ప్రశ్న కాదు, భక్తుని ప్రశ్న. మన బడులలో గ్రంథములోని వాక్యమును ఉన్నది ఉన్నట్లు ఒప్పజెప్పినవానికి పదికి పది. ఒక మాట మార్చినచో తొమ్మిది. ఇంటరు చదువు పేరిట తెల్లవారుజాము మొదలు రాత్రి పదిగంటల దాక పిల్లలను బంధించు కాలేజీలు ఈ విద్యనే పరాకాష్ఠకు తెచ్చినవి. పదునాలుగేండ్లు మెచ్చుకొన్న గుణమునే పదునైదవయేట గ్రంథచౌర్యమని పేరుపెట్టి శిక్షించినచో, ఆ బిడ్డకు తల తిరుగక ఏమగును? మన పూర్వులకు ఈ విచారము లేదనుకొనరాదు సుమా. వేయి యేండ్లకు పూర్వమే రాజశేఖరుడు కావ్యమీమాంసలో, ఒకరి మాటను హరించుట ఎట్టిది, అర్థమును హరించుట ఎట్టిది, ఏది దోషము, ఏది కాదు అని తరగతులు విడదీసి చర్చించెను. ఆ చర్చ గ్రంథములలో నిలిచినది గాని బడులలో నిలువలేదు.

ఆ అమ్మాయికి నేను నియమములు చెప్పలేదు. తెలుగులో ఒక మాట అడిగితిని. “మీ ప్రక్కింటి వారి అమ్మాయికి సంబంధము కుదిరినదని మీ అమ్మగారు నీకు ఫోనులో చెప్పినారు. దానిని నీవు మీ అక్కకు ఎట్లు చెప్పుదువు?” అంటిని. “కుదిరిందట అని చెప్తానండి” అన్నది. “కుదిరింది అని ఎందులకు చెప్పవు?” అంటిని. “నేను చూడలేదు కదండీ” అన్నది. అంతే! పాఠమంతయు ఆ ‘అట’లో ఉన్నది. తాను కన్నది వేరు, ఒకరు చెప్పగా విన్నది వేరు, తాను ఊహించినది వేరు అని ప్రతి వాక్యము చివరను గుర్తుపెట్టి చెప్పెడి అలవాటు మన భాషలో పాలతో వచ్చుచున్నది. ‘అట’ అన్నచో ఒకరి మాట. ‘కాబోలు’ అన్నచో ఊహ. ‘ఏమో’ అన్నచో సందేహము. ‘కాకపోలేదు’ అన్నచో సగము ఒప్పుకోలు. ఇంగ్లీషువారు ఇదే పనిని క్రియలచేత చేయుదురు: ఫలానివారు సజెస్ట్ చేయుచున్నారు, ఆర్గ్యూ చేయుచున్నారు, షో చేయుచున్నారు అందురు. సూచించుట, వాదించుట, నిరూపించుట అను మూడును మూడు మెట్లు. మే, మైట్, అపియర్స్ అనునవి మన కాబోలునకు, ఏమోకు అప్పచెల్లెండ్రు. ఇంటిలో ఎన్నడును ‘అట’ మరువని బిడ్డ ఇంగ్లీషు వ్రాయునప్పుడు అన్నిటిని తాను కన్నులార చూచినట్లు వ్రాయుచున్నది. భాష రాక కాదు. ఇంటిలోని జ్ఞానము ఆ భాషలోనికి కూడ తనవెంట రావచ్చునని ఎవరును చెప్పక.

ఫైనాన్సులో ఈ జాగ్రత్త అలంకారము కాదు. 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు లెక్కలను పెంచి చూపితిమని తానే లేఖ వ్రాసెను. మన పిల్లలందరికిని ఆ కథ తెలియును, వ్యాసమున చేర్తురు. “దురాశచేత కంపెనీ కూలినది” అని వ్రాయుదురు. దురాశ యని ఎవరు చెప్పిరి? లేఖలో ఏమున్నది, ఆడిటర్లు చూడవలసినదేమి, డైరెక్టర్ల మండలి అడుగవలసినదేమి? వీనిలో ఏది తెలిసినది, ఏది ఊహ? ఈ విడదీతయే పరీక్షకుడు కోరునది. రేపు ఆ విద్యార్థి బ్యాంకులో కూర్చుండి అప్పు ఇయ్యవచ్చునా కూడదా యని చీటీ వ్రాయునప్పుడు, దానిని నమ్మి ఎవరి సొమ్మో కదలును.

రెండవ చిక్కు ఇంకను లోతైనది. క్రిటికల్‌గా వ్రాయుమనగానే కొందరు తిట్టుటకు పూనుకొందురు, కొందరు మౌనము వహింతురు. యూజీన్ ఫామా 1970లో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసమున, మార్కెట్టు ధరలు లభ్యమైన సమాచారమును పూర్తిగ ఇముడ్చుకొనునను వాదమును, దానిపై అంతవరకు జరిగిన పరిశీలనలను సమీక్షించెను. 1981లో రాబర్ట్ షిల్లర్, షేర్ల ధరలు తరువాత వచ్చిన డివిడెండ్లలోని మార్పులు సమర్థింపగల దానికంటె మిక్కిలి హెచ్చుగ ఊగుచున్నవని చూపెను. 2013లో ఆర్థికశాస్త్రపు నోబెల్ బహుమానము, లార్స్ పీటర్ హాన్సెన్‌తో పాటు, వీరిరువురికిని కలిపి ఇచ్చిరి. ఈ సంగతి చెప్పగనే మా అమ్మాయి అడిగిన ప్రశ్న: “అయితే ఏది రైటండీ? పరీక్షలో ఏది వ్రాయాలి?” తరగతిలోని తాయి యువకుడును అదే అడిగెను. కనుక ఇది మన యొక్క జాడ్యము మాత్రమే కాదు.

నేను ఆమెకు పూర్వపక్షమను మాట గుర్తుచేసితిని. తన సిద్ధాంతమును చెప్పబోవు శాస్త్రకారుడు ముందుగ ఎదుటివాని వాదమును, ఆ ఎదుటివాడు విన్నను “ఔను, నా మాట ఇదియే” అనునంత న్యాయముగ చెప్పవలెను. పిదప ఆక్షేపము. పిదప సమాధానము. ఇంగ్లీషువారు లిటరేచర్ రివ్యూ అని పెద్ద పేరుపెట్టినది దీని దూరపు బంధువే. మన తాతలు తర్కమున చేసిన పనిని మనుమరాలు ఫైనాన్సున చేయుచున్నదనగా ఆమె ముఖము విప్పారినది. విమర్శ యనగా తిట్టు కాదు, గుణదోషముల తూనిక యని మన సాహిత్యము ఎరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. చైనా విద్యార్థికి నేనిట్లు చెప్పజాలను. అతని త్రోవ అతని భాషలో వెదకవలెను. ఇంగ్లీషు నేర్పు తరగతిలో మాతృభాష మాటాడరాదను గుడ్డి నియమము నాకు ఎన్నడును రుచింపలేదు.

ఇక గుమ్మము దాటిపోయిన వారి మాట. కృష్ణాజిల్లా కుర్రవాడొకడు, పండ్రెండవ తరగతి మార్కుల బలమున ఏ పరీక్షయు లేక, ఏ ముందు చదువును లేక, సెప్టెంబరులో చేరినాడు. డిసెంబరులో ఇచ్చిన వ్యాసమున ఒక బ్యాంకు నివేదికలోని రెండు పుటలు యథాతథముగ ఉన్నవి. సామ్యములు పట్టు యంత్రము పట్టినది. విచారణ సంఘము ముందు నిలిచినాడు. ఆ పాఠ్యాంశమునకు సున్న. తిరిగి వ్రాసినను ఉత్తీర్ణతకు వలయు ఏబదికి మించి ఇయ్యబోరని తీర్పు. విచారణకు తోడుగ వచ్చుటకు ఎవరును లేక నన్ను వెదకికొని వచ్చినాడు. ఆ గదిలో అతడు మాటాడిన ఇంగ్లీషులో తప్పు లేదు. “నేను కాపీ చేయలేదు, చదివి వ్రాసినాను” అని మరల మరల చెప్పినాడు. అతనికి అది నిజమే. చదివినాడు, కంఠస్థము చేసినాడు, వ్రాసినాడు. ఎదుట కూర్చున్న ముగ్గురును అబద్ధమనుకొనిరి.

పట్టము నాలుగు నెలలు ఆలస్యమైనది. తండ్రి ఇల్లు తాకట్టుపెట్టి తెచ్చిన అప్పు 25 లక్షలు, వడ్డీ నూటికి ఏడాదికి పదునొకండు. నెలకు 22,900 రూపాయలు. ఆ నాలుగు నెలల వడ్డీయే 90,000 దాటినది. చేతికి వచ్చిన ఉద్యోగము పట్టము లేదని పోయినది. దానికి లెక్క కట్టలేము. తండ్రి నాకు ఫోను చేసి, “అమ్మా, మావాడు దొంగతనం చేశాడంటున్నారు, వాడు అలాంటివాడు కాడమ్మా” అని ఏడ్చినాడు. మార్కుల బలమున గుమ్మము తెరచిన విశ్వవిద్యాలయము, లోపలి నియమము వేరని ఒక్క గంట కూర్చుండబెట్టి చెప్పియుండవలసినది. రుసుము పుచ్చుకొనుటలో చూపిన శ్రద్ధ అందు చూపలేదు.

ముందు చదువునకు వ్యయము లేదని నేననను. పది వారములకు కొన్ని వేల పౌండ్లగును, బస వేరు. విశ్వవిద్యాలయములకు అదియొక ఆదాయమార్గము కూడ. అందరును అంత పెట్టలేరు. మరియొక మాట: కొడుకునకైన పెట్టుదురు గాని, కూతురిని పంపుటయే ఎక్కువ యను ఇండ్లలో, ఈ మూడు నెలల ఖర్చు మొదట కోసివేయబడును. పల్నాటి అమ్మాయి తండ్రి ఆ ఖర్చు పెట్టినాడు. బంధువులు నవ్వినారని ఆమెయే చెప్పినది. పెట్టలేనివారు ఇంటనే ఒక పని చేయింపవచ్చును. వారమునకొక మంచి వ్యాసము, నాలుగైదు పుటలది, చదివించి, మూసివేయించి, అందలి వాదమును తల్లికి తెలుగులో చెప్పింపుడు. తల్లికి తెలిసినచో బిడ్డకు తెలిసినట్లే. పిదప పుస్తకము తెరువకయే ఇంగ్లీషున వ్రాయింపుడు. ఎవరి మాట ఎచ్చట ముగిసినదో, తన మాట ఎచ్చట మొదలైనదో గీత గీయింపుడు. 2022 చివరి నుండి యంత్రములు నున్నని ఇంగ్లీషును క్షణములో వ్రాసి యిచ్చుచున్నవి గదా యందురేమో. ఆ యంత్రము నోట వచ్చినదానికి ఎవరు పూచీ? విచారణ గదిలో కుర్చీ వేయునది విద్యార్థికే.

మా తరగతి చివరి వారములో ప్రతివారును తమ దేశపు ధన వ్యవహారమొకటి తీసికొని, చిన్న వ్యాసముగ వ్రాసి, తక్కినవారికి వినిపింపవలెను. మా అమ్మాయి చిట్టీని ఎంచుకొన్నది. ఇరువదిమంది, ఇరువది నెలలు, నెలకు 5,000, వెరసి లక్ష. మూడవ నెలలో ఒకరు 28,000 తగ్గించి పాడి 72,000 పుచ్చుకొనిరి. చిట్టీ నడుపువారి కమీషను నూటికి ఐదు, అనగా 5,000. మిగిలిన 23,000ను ఇరువదిమందికి పంచగా తలకు 1,150. పాట పాడినవారు నిజముగ ఎంత వడ్డీకి అప్పు తెచ్చుకొన్నట్లు, తుదిదాక ఆగినవారికి ఎంత ఫలమబ్బినట్లు, అని ఆమె బల్లమీద గీసి చూపుచుండగా చైనా కుర్రవాడు లేచి, మా ఊరను ఇది ఉన్నది, హుయి యందుము అన్నాడు. నైజీరియా ఆమె, ఎసుసు యన్నది. ఆమెకు ఆనాడు కలిగిన ధైర్యము ఏ పరీక్ష మెట్టును ఇయ్యలేదు. గ్రంథాలయమునకు తీసికొనిపోయి, బెస్లీ, కోట్, లౌరీ అను మువ్వురు 1993లో ఇట్టి చీటీలను గూర్చియే వ్రాసిన వ్యాసమును చూపితిని. ఒంటరిగా కూడబెట్టువానికన్న చీటీలోని వారికి పెద్ద వస్తువు ముందుగ అందుననునది అందలి వాదములలో ఒకటి. తన తల్లి వంటింటి డబ్బాలోని పాస్‌బుక్కును గూర్చి అమెరికా పత్రికలో సమీకరణములున్నవని ఆమె ఎంతసేపో నమ్మలేదు.

ఆ రాత్రి తల్లికి ఫోను చేసి, నీవు ఏ నెలలో పాడితివి, ఎందులకు పాడితివి అని అడిగినదట. మూడవ నెలలోనే, నీ కాలేజీ ఫీజునకు, అని తల్లి చెప్పినదట. మరునాడు వచ్చి, ఈ మాటను ఆధారముగ చూపవచ్చునా యని అడిగినది. చూపవచ్చును, వ్యాసము నడుమ తల్లి పేరును, ఆమె చెప్పిన తేదీని వ్రాయుము, చివరి గ్రంథముల పట్టికలో మాత్రము చేర్పరాదు అంటిని. ఎందుకని ఆమె కొంత కోపముగనే అడిగినది. వేరొకరు పోయి సరిచూచుకొనుటకు వీలులేదు గనుక, అని చెప్పితిని. కొంతసేపు ఆలోచించి, “మా అమ్మ ఫోన్ నంబరు ఇస్తే సరిచూసుకోలేరా అండీ?” అన్నది.